నీళ్ల మీద బేరం

మైపాడు
జూన్ 22

అక్కా, అస్సలాము అలైకుమ్.

తప్పు జరిగింది. చేసినవాడు మన మదార్ మామ. అమ్మానాన్న పోయినాక మనిద్దర్నీ పెంచినవాడే, కాదనను. కానీ చుట్టరికం చూసి తప్పుకి ఇంకో పేరు పెడితే అది రెండో తప్పు అవుతుంది.

ఫోన్‌లో నేను అరుస్తానని, ఇకమీద ఏదున్నా కాగితం మీద రాసి పోస్టులో వెయ్యమని నువ్వే షరతు పెట్టినావు. అందుకే రాస్తున్నా. పెన్ను నొక్కి రాస్తున్నానని కోప్పడొద్దు.

నువ్వు పెళ్లయి బిట్రగుంట పోయి చానాళ్లయింది కాబట్టి ఇక్కడి పద్ధతి గుర్తు చేస్తా. బోటు ఒడ్డుకి రావాలి, చేపలు ఇసుక మీద కుప్ప పొయ్యాలి, నలుగురూ చుట్టూ నిలబడి వేలం పాట పాడాలి, ఎక్కువ పాడినవాడికి కుప్ప పోవాలి. అందరూ చూస్తుండగా జరిగే బేరం. ఇంతకన్నా ధర్మమైన అంగడి ఉంటుందా చెప్పు.

మామ ఏం చేస్తున్నాడంటే, తన ఫైబర్ బోటు వేసుకుని అలలు దాటి ఎదురుపోతున్నాడు. వచ్చే బోట్లని నీళ్ల మీదే ఆపి చేపలు కొనేస్తున్నాడు. నిన్న ఐసు బాక్సులు పట్టుకోను నన్నూ తీసుకుపోయినాడు. బోటు తోలింది మామ దగ్గర పనిచేసే కుర్రోడు, సమాధానం. వేట నిషేధం ఎత్తేసినాక ఇదే మొదటి వారం, పెంచల్ అన్న బోటుకి వంజరం చేపలు బాగా పడినాయి. ఒక్కోటీ నా చెయ్యంత ఉంది. పెంచల్ అన్న అడిగినాడు, "ఒడ్డున ఎట్లుంది మామా ఈరోజు?"

మామ అన్నాడు, "ఎప్పట్లాగే."

ఎప్పట్లాగే కాదక్కా. నెల్లూరు నుంచి ఎక్స్‌పోర్టు కంపెనీ లారీ వచ్చి సిమెంటు రోడ్డు మీద నిలబడుంది. వంజరానికి మామూలు రేటు మీద సగం ఎక్కువ ఇస్తామంటున్నారు. అది మామకి తెలుసు. పెంచల్ అన్నకి తెలీదు. మామ ఆ చేపల్నే ఒడ్డుకి తెచ్చి లారీకి ఎక్కించినాడు. నేనే మోసినాను. నా భుజం ఇంకా ఆ చేపల నీళ్ల వాసన కొడతా ఉంది.

నెల్లూరులో శుక్రవారం జుమా నమాజప్పుడు మసీదు గేటు దగ్గర అమ్మే చిన్న పుస్తకాల్లో ఒకదాంట్లో స్పష్టంగా ఉంది. సరుకు తెచ్చేవాళ్లకి ఎదురుపోయి, వాళ్లు సంతకి చేరకముందే కొనొద్దని ప్రవక్త (స) చెప్పినారు. పద్నాలుగు వందల ఏళ్ల కిందట ఒంటెల మీద సరుకు తెచ్చేవాళ్ల గురించి చెప్పిన మాట, మైపాడు అలల మీద మన మామకి అతికినట్టు సరిపోయింది. ఆదమ్ బిడ్డకి బంగారు లోయ ఒకటి ఇస్తే రెండోది అడుగుతాడంట. మామ మూడో ఐసు బాక్సు అడుగుతున్నాడు.

వచ్చే శుక్రవారం నమాజు అయినాక మసీదులోనే లేచి అడుగుతా. నీ అభిప్రాయం రాయి. రాసినా రాయకపోయినా అడుగుతా.

అక్రమ్


బిట్రగుంట
జూన్ 26

తమ్ముడు అక్రమ్‌కి, వ అలైకుమ్ అస్సలామ్.

అభిప్రాయం అడిగి, చెప్పినా వినను అని కింద రాసేవాణ్ణి నిన్నే చూసినా.

కోపం వచ్చినప్పుడు నిలబడినవాడు కూర్చోవాలి, అప్పటికీ తగ్గకపోతే పడుకోవాలి అని కూడా చెప్పినారు ప్రవక్త (స). నీ చిన్న పుస్తకాల్లో ఆ పేజీ ఎవరన్నా చించుకుపోయినారా?

మామ చేసింది మంచిపనని నేననడం లేదు. కానీ నువ్వు పెంచల్ అన్నని అడిగినావా? చేపలు ఆయనవి, నష్టం ఆయనది. ఆయన నోరు తెరవకముందే ఆయన తరఫున నువ్వు మసీదులో లేస్తావా? ముందు ఆయన దగ్గరికి పో. తర్వాత మామని ఇంట్లో అడుగు, అన్నం తినేటప్పుడు కాకుండా. తప్పు దిద్దాలంటే చాటున చెప్పాలి. నలుగురిలో చెబితే అది దిద్దడం కాదు, పరువు తియ్యడం.

లారీ రేటు మామకి ముందే తెలుసని అంత గట్టిగా ఎట్లా చెబుతున్నావు? బహుశా తెలీదేమో. నాకు తెలీదు.

మీ బావకి పని ఎక్కువగా ఉంది. తెల్లారి బండికే నెల్లూరు పోతున్నాడు, రాత్రికి వస్తున్నాడు. నేను బాగానే ఉండా. శుక్రవారం లేవొద్దు. కూర్చో.

నీ అక్క,
షమీమ్


మైపాడు
జూన్ 29

అక్కా,

నీ ఉత్తరం శనివారం వచ్చింది. పని శుక్రవారమే అయిపోయింది.

నమాజు అయినాక లేచినాను. మామ పేరు పెట్టి, పెంచల్ అన్న బోటు పేరు పెట్టి, ఎంతకి కొన్నాడో లారీకి ఎంతకి ఇచ్చినాడో చెప్పినాను. వెనక వరసలో ఒక ముసలాయన, "అబ్బయ్యా, చెప్పింది చాల్లే, ఇంక కూర్చో" అన్నాడు. నేను కూర్చోలేదు. అక్కడినుంచి నేరుగా ఇసుక మీదికి పోయినాను. మధ్యాహ్నం పాట మొదలవుతా ఉంది. అక్కడ కూడా అదే చెప్పినాను, ఇంకా గట్టిగా. గాలికి వినపడాలి కదా.

మామ వచ్చినాడు. అందరూ చూస్తా ఉండారు. కొడతాడేమో అనుకున్నా. "సరే. రేపట్నుంచి నీళ్ల మీద కొనను" అన్నాడు. అంతే. తిరిగి చూడకుండా పోయినాడు.

గెలిచినట్టే కదా? పుస్తకంలో ఉన్న ఒక మాట మైపాడులో అమలైంది. నా వల్ల అయింది.

అయితే ఒకటి మాత్రం అర్థం కాలేదు. నేను మాట్లాడతా ఉంటే పెంచల్ అన్న అక్కడే ఉండాడు. వచ్చి భుజం తడతాడు అనుకున్నా. నా వైపు చూడలేదు. వలలు మడతపెట్టుకుంటా ఉండిపోయినాడు. ఇసుక మీద పెద్ద వ్యాపారి గంగాధరం మాత్రం నా దగ్గరికొచ్చి "బాగా చెప్పినావు బ్రదర్" అని కూల్‌డ్రింకు ఇప్పించినాడు. తాగినాను. తియ్యగా ఉంది గానీ సగం సీసా వదిలేసినా.

అక్రమ్


బిట్రగుంట
జూలై 8

అక్రమ్,

మామ వచ్చినాడు. చెప్పకుండా, పాసింజర్ దిగి, ఎండలో నడుచుకుంటా వచ్చినాడు.

చెప్పులు విప్పుతూనే, "ఏమ్మా షమీమ్, నేను దొంగనా?" అన్నాడు.

"కూర్చో మామా."

"కూర్చుంటాలే. అడిగినదానికి చెప్పు."

"పెంచల్ అన్న అడిగితే ఎప్పట్లాగే అన్నావంట కదా," అన్నాను.

చెంబెత్తి నీళ్లు తాగినాడు. "అన్నా. రోజూ అనే మాటే అది. ఆ రోజు అబద్ధమైంది."

"తెలిసే అన్నావా?"

"తెలిసే అన్నా. నీళ్ల మీదికి పోతే ఏందో అవుతుంది నాకు. ఇంకో బాక్సు, ఇంకో బాక్సు అనిపిస్తుంది. ఇంటికొచ్చి కాళ్లు కడుక్కునేటప్పుడు ఎవరు తరిమినారు నన్ను అనిపిస్తుంది. మళ్లా తెల్లారితే మామూలే."

అన్నం పెట్టినా. రెండు ముద్దలు తిన్నాడు. నీ గురించి ఒక్కటే అన్నాడు: "వాడు అడగాల్సిందే అడిగినాడు. ఇంట్లో అడిగుంటే వాడికి జవాబు దొరికేది. ఇప్పుడు నాకు నోరు లేదు, వాడికి చెవులు లేవు."

పోయేటప్పుడు గడప దగ్గర ఆగి, "పెంచల్ గాడు ఏం చేస్తాడో" అన్నాడు. నేను అడిగితే చెప్పలేదు. ఆ మాట ఏందో నాకు అర్థం కాలేదు. నువ్వు పోయి కనుక్కో. ఈసారి మాట్లాడకు, విను.

షమీమ్


మైపాడు
జూలై 20

అక్కా,

ఈ ఉత్తరం మూడుసార్లు మొదలుపెట్టి చించేసినా. ఎక్కడ మొదలెట్టాలో తెలీడం లేదు.

పెంచల్ అన్న కుప్పని ఎవరూ కొనడం లేదు.

నేను ధర్మమైన అంగడి అని నీకు రాసినాను చూడు, ఆ పాట పాట కాదు. నేనింతకాలం పక్కన నిలబడి చూసింది కళ్లతో కాదు, ఇప్పుడు చూస్తున్నా. గంగాధరం తనకి కావాల్సిన కుప్ప వచ్చేదాకా మాట్లాడడు. కావాల్సింది రాగానే ఎడమ భుజం మీది తుండు తీసి కుడి భుజం మీద వేసుకుంటాడు. అంతే, ఇంకెవరూ పాడరు. ఒక్క మాటకే, తక్కువ రేటుకే కుప్ప ఆయనకి పడిపోతుంది. తర్వాత ఐసు షెడ్డు వెనక కూర్చుని కొనేవాళ్లందరూ పంచుకుంటారు. నలుగురి ముందర జరిగే బేరం అంటే ఇదే. నలుగురూ ఒకే మనిషి.

అందుకే పెంచల్ అన్న, ఇంకో ఇద్దరు ముగ్గురు బోటువాళ్లు, నీళ్ల మీదే మామకి అమ్ముకుంటా వచ్చినారు. ఒడ్డున వచ్చేదానికన్నా మామ ఇచ్చేది కొంచెం ఎక్కువే. లారీ వచ్చిన రోజు మాత్రం మామ ఆ మాట దాచినాడు. అంటే మామ పెంచల్ అన్నని కాపాడినాడా, ముంచినాడా? రెండూ చేసినాడు. ఒకే బోటులో, ఒకే పొద్దున. దీనికి నా పుస్తకాల్లో ఏ పేజీ చూడాలో చెప్పు.

నేను బోటు పేరుతో సహా ఇసుక మీద అరిచినాక గంగాధరానికి తెలిసిపోయింది, తన కళ్లు గప్పి నీళ్ల మీద అమ్ముతున్నది ఎవరో. అందుకే కూల్‌డ్రింకు. ఇప్పుడు పెంచల్ అన్న కుప్ప పోస్తే తుండు కూడా మార్చడు, నవ్వుతాడు. పాట పలికేవాడు ఖాళీగా అరిచి అరిచి పక్క కుప్పకి పోతాడు. మామేమో మాట ఇచ్చినాడు కాబట్టి నీళ్ల మీదికి పోడు. మామ తప్పు మానేసినాడు, దానివల్ల పెంచల్ అన్నకి కొనేవాడు లేకుండా పోయినాడు. ఇట్లాంటిది ఉంటుందని నాకెవరూ చెప్పలేదు.

మొన్న కుప్ప పక్కన చెంచులక్ష్మక్క కూర్చుని ఉంది, పెంచల్ అన్న భార్య. కాకుల్ని కొంగుతో తోలతా ఉంది. నేను పోయి నిలబడినా.

"రా అబ్బయ్యా, రా. నీ కాగితాల్లో ఐసుగడ్డ ఏమన్నా రాసుందా? ఉంటే ఇటు చదువు, చేపలు చల్లబడతాయి."

"అక్కా, నేను మంచికే..."

"మంచికే లే. మీ మామ ఒక పొద్దు ముంచినాడు. నువ్వు నెల ముంచినావు. ఇద్దరూ మాకు చుట్టాలే."

సగం చేపలు గంపకెత్తుకుని కోవూరు వీధుల్లో అమ్ముకోను ఆటో ఎక్కింది. మిగతాది ఉప్పుకి పోయింది. పెంచల్ అన్న నన్నేమీ అనలేదు. ఇట్లాగే ఇంకొన్నాళ్లయితే బోటు చెన్నై పక్కన ఎవరికో అమ్మేసి వాళ్ల దగ్గరే కూలికి పోతానని సమాధానంతో చెప్పినాడంట.

నేను చదివింది తప్పా? చదివింది తప్పు కాదు, అది నాకు తెలుసు. మరి నేను చేసిందేంది? రాత్రి పుస్తకాలన్నీ ముందరేసుకుని కూర్చున్నా. తూకంలో తగ్గించేవాళ్లకి నాశనం అని ఉంది. పాటలో కొనే ఉద్దేశం లేకుండా రేటు పెంచొద్దని ఉంది. పాడకుండా నోళ్లు మూసుకునేవాళ్ల గురించి ఎక్కడుందో నాకు దొరకలేదు. నువ్వన్నా అడుగు అక్కడ ఎవర్నైనా.

అక్రమ్


బిట్రగుంట
ఆగస్టు 2

తమ్ముడూ,

ముందు నేను చెప్పాల్సింది చెప్పేస్తా. ఇది నీ మొదటి ఉత్తరానికే రాయాల్సింది.

లారీ వస్తుందని, ఏ రేటు ఇస్తుందని మామకి చెప్పింది మీ యాసీన్ బావ. ఎక్స్‌పోర్టు కంపెనీలో లోడింగు చూసేది ఆయనే కదా. రైల్లోంచి మామకి ఫోన్ చేసి చెబుతాడు, ఈరోజు వంజరం ఇంత, చందువ ఇంత అని. కంపెనీ దాచే మాట కూడా కాదంట, ఎవరడిగినా చెబుతారంట. అడగాలని మైపాడులో ఎవరికీ తోచలేదు, అంతే. మనల్ని పెంచి పెద్ద చేసిన మామకి మేలు చేస్తున్నా అనుకున్నాడు ఆయన. నేనూ అదే అనుకున్నా. ఆదివారం ఆదివారం మామ పంపే చేపలు ప్రేమతో వస్తున్నాయి అనుకున్నా. ప్రేమ లేదని కాదు.

"బహుశా తెలీదేమో" అని నీకు రాసినప్పుడు నా చెయ్యి ఆగింది. అయినా రాసినా. నువ్వు మా ఆయన పేరు కూడా మసీదులో చదువుతావని భయపడినా.

రెండోది. ఇక్కడ మసీదులో నమాజు చేయించే హజరత్ గారి భార్య మెహబూబున్నీసా గారు నాకు బాగా తెలుసు. ఆమె చేత ఆయన్ని అడిగించినా, పేర్లు చెప్పకుండా. ఆయన పెద్ద పుస్తకం తీసి చదివి చెప్పినాడంట. నీ చిన్న పుస్తకంలో ఉన్నది సగం మాటే. ఎదురుపోయి కొనొద్దు అన్నాక ఇంకో మాట ఉంది: ఎవరన్నా అట్లా కొంటే, అమ్మినవాడు సంతకి చేరి రేటు చూసినాక, ఆ బేరం ఉంచుకోవడమా తిప్పేసుకోవడమా అనేది అమ్మినవాడి ఇష్టం.

అర్థమైందా నీకు? కొన్నవాణ్ణి ఏం చెయ్యాలో అక్కడ లేదు. అమ్మినవాడికి రేటు తెలియాలి, తెలిసినాక మాట ఆయనది అని ఉంది. నువ్వు మామ గురించి మసీదుకి చెప్పినావు, ఇసుకకి చెప్పినావు. పెంచల్ అన్నని ఏం కావాలని అడిగినావా? నేనూ అడగలేదు, మామా అడగలేదు.

హజరత్ గారు ఇంకో మాట కూడా చెప్పి పంపినాడు. అమ్మేవాడూ కొనేవాడూ నిజం చెప్పుకుంటే ఆ బేరంలో దేవుడి బరకత్, వృద్ధి ఉంటుంది, దాచుకుంటే చెరిగిపోతుంది. ఐసు షెడ్డు వెనక పంచుకునేవాళ్ల గురించి అడిగితే, దాచడం ఒక్కడు చేసినా పదిమంది చేసినా అదేనమ్మా అన్నాడంట.

మీ బావకి ఇదంతా చెప్పినా. నిన్న రాత్రి, "నేను చెప్పింది నిజమే గదా, నిజం చెబితే ఎట్లా తప్పైంది" అన్నాడు. ఒక్కరికే చెప్పినావు కాబట్టి అన్నాను. సరైన జవాబో కాదో నాకే తెలీదు.

ఈ ఉత్తరం చదివి కోపం వస్తే కూర్చో.

షమీమ్


మైపాడు
ఆగస్టు 17

అక్కా, అస్సలాము అలైకుమ్.

కోపం వచ్చింది. కూర్చున్నా. తగ్గలేదు, పడుకున్నా. నిద్రపట్టింది. లేచేసరికి కోపం సగం ఉంది, మిగతా సగం ఏందో పేరు తెలీదు. నీ మీద కాదు, బావ మీద కాదు. నిన్ను భయపెట్టినంతగా నేను తయారైనానా అని.

మామ దగ్గరికి పోయినాను. అన్నం తినేటప్పుడు కాదులే. ఐసు బాక్సులు కడుగుతా ఉండాడు. నేనూ ఒక బాక్సు తీసుకుని కడిగినాను. హజరత్ గారి మాట చెప్పినాను. రెండుసార్లు చెప్పించుకున్నాడు. "ఇష్టం వాడిదా?" అన్నాడు. అవునన్నా. చేతులు తుడుచుకుని లేచినాడు.

పెంచల్ అన్న బోటు కింద నీడలో ఇంజను విప్పుకుని ఉండాడు. మామ పోయి ఎదురుగా ఇసుకలో కూర్చున్నాడు.

"పెంచల్, ఆ రోజు లారీ ఉందని నాకు తెలుసు. నీకు చెప్పలేదు. బేరం తిప్పేసుకుంటావా, లారీ ఇచ్చిందాంట్లో మిగతాది తీసుకుంటావా, నీ ఇష్టం."

పెంచల్ అన్న స్పానర్ కింద పెట్టినాడు. "తినేసిన చేపల్ని ఎట్లా తిప్పేది మామా? మిగతాది చెంచులక్ష్మితో మాట్లాడుకో, ఆమె వదిలే రకం కాదు."

"మాట్లాడతా."

"నాకు కావాల్సింది అది కాదు. నువ్వు ఇసుక మీదికి రా. గంగాధరం తుండు మార్చినాక నువ్వు నోరు తెరువు. నా కుప్ప మీద ఒక్కసారి పాడు. ఎంతకైనా సరే, ఇష్టం లేకపోతే తక్కువే పాడు. రెండో గొంతు వినిపిస్తే చాలు."

మామ వేలితో ఇసుక గీకినాడు. "నన్ను కూడా వెలేస్తారు రా. ఐసు ఇవ్వరు, షెడ్డులో చోటివ్వరు."

"వేస్తే వేస్తారు. అప్పుడు ఇద్దరం ఉంటాం గదా."

మామ సరే అనలేదు. కాదనలేదు. లేచి, పంచె దులుపుకుని, ఇంటికి పోయినాడు. నిన్న తెల్లారి ఫజర్ నమాజులో నా పక్కనే నిలబడినాడు, చేతులు కట్టుకున్నాక కూడా వేళ్లు కదులుతా ఉండాయి. భయమో, లెక్కో, నాకు తెలీదు. ఆయనకి కూడా తెలీదేమో.

నాకూ ఏమీ తేలడం లేదక్కా. ఇసుక మీద ఒక్కసారి పాడితే గంగాధరం ఊరుకుంటాడా? మామ బోటుకి ఐసు ఆగిపోతే దానికి కారణం మళ్లా నేనేనా? పెంచల్ అన్న బోటు నిలబడుతుందా? జూన్‌లో నాకు అన్నీ తెలుసు. ఇప్పుడు ఒక్కటే తెలుసు: రేటు ఒక్కరి చెవిలో ఉండకూడదు. అది అందరికీ ఒకేసారి వినపడాలి, బోటు ఒడ్డు తాకకముందే. ఆ మాట పలకాల్సింది నేను కాదు. నా గొంతు విని విని ఇసుకకి విసుగొచ్చింది. బావ పలకాలి. మామకి ఫోన్‌లో చెప్పే మాటే, నిలబడి, పేరు చెప్పుకుని, ఈరోజు మా కంపెనీ వంజరానికి ఇంత ఇస్తుంది అని. అంతే. ఎవర్నీ తిట్టనక్కర్లేదు. తుండు సంగతి ఎత్తనక్కర్లేదు.

ఇది సరైన పనో, ఇంకో తొందరపాటో, హజరత్ గారిని అడగమని రాద్దామనుకున్నా. జవాబు వచ్చేలోపు పెంచల్ అన్న బోటు అమ్మేస్తాడు. చెన్నై మనిషి 25న, సోమవారం వస్తున్నాడంట చూసుకోను. అందుకే ఆగలేదు. అయితే ఈసారి చెప్పాల్సినవాళ్లందరికీ ముందు చాటున చెప్పినాను. పెంచల్ అన్నకి చెప్పి, ఆయన సరే అన్నాకే మిగతావాళ్లకి. నీళ్ల మీద అమ్ముకునే ఆ మిగతా బోటువాళ్లకి, పాట పలికేవాడికి, సమాధానానికి. గంగాధరం ఇంటికి కూడా పోయినాను, ఆయన్నీ రమ్మని చెప్పినాను. "ఎందుకు బ్రదర్?" అన్నాడు. రేటు చెబుతారు, వినండి అన్నాను. నవ్వినాడు. ఆ నవ్వు నాకర్థం కాలేదు.

మామకి చెప్పినప్పుడు మాత్రం, "ఎన్నింటికి?" అని అడిగినాడు. ఇంకేమీ అడగలేదు.

నువ్వూ, బావా శనివారం సాయంత్రమే వచ్చేయండి. తెల్లారి బండికి వస్తే అందదు. చెంచులక్ష్మక్క మీకు కూడా కూడు వండుతానంది, చేపలు మాత్రం అడగొద్దంది.

24న, ఆదివారం, పొద్దున ఆరింటికి, మైపాడు ఇసుక మీద, బోట్లు ఆగే చోట. పట్టేవాళ్లు, కొనేవాళ్లు, ఊరికే చూసేవాళ్లు, అందరూ రావాలి. రండి.

అక్రమ్